పొంగని చెయ్యి

క్రితం వారం విజయను సూర్యాపేట దవాఖానలో మైక్రోస్కోపు ముందు వదిలి వచ్చాం. అద్దం కింద నీలం రంగు మీద ఎర్రటి సన్న పుల్లలు కనిపించాయి. అవి క్షయ క్రిములు. ఆ గళ్ళ, దగ్గితే పడే కఫం, పరాయివాళ్ళది కాదు, సొంత తమ్ముడు తిరుపతిది. అదే పూట వాడి నెత్తురు మూడు పరీక్షల్లోనూ హెచ్.ఐ.వి. ఉన్నట్టే తేలింది. ఆరేళ్ళుగా ఆ ల్యాబులో ఊళ్ళవాళ్ళ నెత్తురు చూసిన మనిషి, ఆ రోజు ఇంటి నెత్తురు చూసి సింకు దగ్గర నిలబడి చేతులు కడుక్కుంటూనే ఉండిపోయింది.

అది జరిగి అయిదు రోజులు. తిరుపతికి మరునాడే చెప్పేసింది. వాడు ఏడవలేదు. "నాయినకు నువ్వే జెప్పు అక్కా, నా నోటెంట రాదు. సావిత్రికి మాత్రం నేనే జెప్పుకుంట" అన్నాడు. పెళ్ళయి నాలుగు నెలలు. సావిత్రికి మూడో నెల. రోగి ఒప్పుకోనిదే అతని సంగతి భార్యకైనా చెప్పకూడదని విజయ ఉద్యోగంలో రూలు. సరే, రూలు రూలే. కానీ వాడు చెప్పుకుంటాడు, చెప్పుకుంటాడు అని చూస్తుండగానే అయిదు రోజులు గడిచాయి. ఈలోగా విజయ పైవాళ్ళను బతిమాలి, దగ్గరుండి మింగిస్తానని సంతకం పెట్టి, తమ్ముడి పేరు రాసిన టీబీ మందుల డబ్బా చేతి సంచిలో వేసుకుని పొద్దున్నే మునగాల బస్సెక్కింది.

అంత తొందర ఎందుకంటే, ఆ పొద్దే మంద కదులుతోంది. ఏటా ఇదే వరస. వరి కోతలు కాగానే నాయిన లింగన్న తన జీవాలను, రెండు వందల గొర్రెలను, తోలుకుని హాలియా వైపు, సాగర్ ఆయకట్టు మళ్ళకు వెళతాడు. పగలంతా మేపడం, పొద్దుగూకేసరికి ఎవరో ఒక రైతు పొలంలో మంద ఆపడం. ఎరువు పొలానికి, వడ్లు గొల్లలకు. మూడు నెలలు మంచులోనే పడక, దారిలోనే తిండి. టీబీ మందు రోజు తప్పి రోజు ఒకరి ఎదుట మింగాలి. మందతో వెళితే మందు లేదు. మందు లేకపోతే తిరుపతి తిరిగి రాడు. ఇది విజయకు తెలుసు, తిరుపతికి తెలుసు. తెలియనిది నాయినకేనని విజయ అనుకుంటోంది.

కాలువ గట్టు కింద, కోసిన మడిలో లింగన్న జీవాలకు గుర్తులు పెడుతున్నాడు. మట్టి ముంతలో కలిపిన ఎర్రమట్టి జాజులో గుడ్డ ముంచి, ఒక్కోదాని కుడి తొంటి మీద అడ్డంగా ఒక గీత. గాలి చల్లగా ఉన్నా భుజాన గొంగడి మాత్రం తీసి పక్కన పెట్టుకున్నాడు. దూరంగా తిరుపతి విడిపోయిన గొర్రెలను మళ్ళేస్తూ, రెండడుగులకొకసారి ఆగి దగ్గుతున్నాడు. ఆ దగ్గు గట్టు దాకా వినిపిస్తోంది. కన్నతండ్రికి వినిపించడం లేదా అని విజయకు ఒళ్ళు మండింది.

"ఏందే, పొద్దుగాల్నే వచ్చినవ్? నౌకరికి సెలవా?" అన్నాడు లింగన్న తల ఎత్తకుండానే.

"తమ్మున్ని తోల్కపోను వచ్చిన నాయినా. వాడు మందెంట రాడు."

"రాకుంటే ఎట్ల? రెండు వందల జీవాలను నేనొక్కన్ని తోల్తనా?"

"మైసయ్య మామను తోడు తీస్కపో. తమ్మునికి టీబీ ఉన్నది. గళ్ళ నేనే సూసిన, నా కండ్లతోని."

"టీబీ లేదని కోదాడ డాక్టరు రాసిచ్చిండు గద. నువ్వు డాక్టరువా?"

ఇదిగో, ఈ మాట కోసమే విజయ దారి పొడుగునా పళ్ళు నూరుకుంటూ వచ్చింది. శ్రావణంలో పెళ్ళికి ముందు తిరుపతి దగ్గుతున్నాడని ఆడపిల్లవాళ్ళు ఆరా తీస్తే, లింగన్న కొడుకును కోదాడ తీసుకెళ్ళాడు. అక్కడి డాక్టరు ముంజేతి చర్మం కిందికి చిన్న సూది ఎక్కించి మూడో నాడు రమ్మన్నాడు. ఒంట్లో టీబీ క్రిమి ఉంటే ఆ సూది పడ్డ చోట గడ్డలా పొంగాలి. తిరుపతి చెయ్యి పొంగలేదు. పొంగలేదు కాబట్టి టీబీ లేదని కాగితం రాసి చేతిలో పెట్టాడు ఆ మహానుభావుడు. గళ్ళ పరీక్ష లేదు, ఎక్స్‌రే లేదు. ఆయన బోర్డు మీద పేరు కంటే డిగ్రీలు పొడుగు. ఆ డిగ్రీల్లో ఒక్కదానికైనా ఇంకో పరీక్ష చేయాలని తోచలేదు.

డాక్టరు మాటకు లింగన్న అనుభవం తోడైంది. గొర్రెలకు టీకా వేయించిన నాలుగో నాడు అతను మందంతా తడిమి చూస్తాడు. సూది పడ్డ చోట పొంగి, ఒళ్ళు కాలుతున్న జీవానికి లోపల రోగమున్నట్టే అని అతని లెక్క. దాన్ని విడగొట్టి దూరంగా కడతాడు. పొంగనిది నికరమైన జీవం. తండ్రి నేర్పిన విద్య, నలభై ఏళ్ళుగా నమ్ముకున్నది. ఆ మూడో నాడు డాక్టరు చూశాక తనూ కొడుకు ముంజేతిని బొటనవేలితో తడిమి చూసుకున్నాడు. ఎక్కడా ఎత్తు లేదు, నున్నగా ఉంది. గొల్లగట్టుకు వెళ్ళి లింగమంతుల స్వామికి పొట్టేలును ముట్టజెప్పి మరీ వచ్చాడు.

"మా దవాఖాన్ల నెత్తురు గూడ సూసిన్రు నాయినా. వానికి హెచ్.ఐ.వి. ఉన్నది. లారీ నడిపిన రెండేండ్లల్ల అంటుకున్నదో, ఏడ అంటుకున్నదో. గది ఇప్పుడు మాట గాదు. చెయ్యి పొంగనిది గందుకే."

లింగన్న చేతిలో గుడ్డ ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ ఇంకో గొర్రె తొంటి మీద గీత పెట్టాడు. "చెయ్యి నేను సూసిన బిడ్డా. నున్నగున్నది" అన్నాడు.

గోడకు చెప్పినట్టే ఉంది. విజయ సంచి కింద పెట్టి అతని ఎదుట మడిలో గొంతుక్కూర్చుంది.

"ఈ జాజు ఎందుకు పెడ్తున్నవ్ నాయినా?"

"గిదేం సవాలు. హాలియా కాడ పది మందలు కలుస్తయి. నా జీవమేదో నాకు తెల్వొద్దా?"

"మన ఒంట్ల గూడ గిట్లనే గుర్తులుంటయి. ఒంట్ల కోట్ల కణాలుంటయి. ఒక్కొక్క కణం తన లోపల ఏం తయారైతుందో దాని తునక జర్రంత తెచ్చి పైన పెట్టి సూపిస్తది. కావలి కణాలు తిరుగుకుంట సూస్తయి. లోపల దొంగ జొరబడితే, పైన పెట్టిన తునకల దొంగ పోలిక కనవడ్తది. కనవడితే ఆ కణాన్ని ఆడనే సంపుతయి. ఇగ దొంగ పెరగడు."

"మంచిగనే ఉన్నది."

"ఈ వైరస్ మాములు దొంగ గాదు. జొరబడంగనే ఒక ప్రొటీన్ తయారు జేస్తది. నెఫ్ అంటరు దాన్ని. పైన పెట్టిన ఆ తునకల గుర్తులను అది లోపలికి గుంజుకపోయి ఖతం జేస్తది. కావలోడు వస్తడు, సూస్తడు, ఏం కనవడదు, పోతడు. లోపల దొంగ తన పిల్లలను కంటనే ఉంటడు."

లింగన్న ముంత పక్కన పెట్టాడు. కళ్ళు చిన్నవి చేసి కూతురి వంక చూశాడు.

"గుర్తులన్ని తీస్తే కావలోనికి అనుమానం రాదా? గుర్తు లేని జీవం మందల కనవడితే నేను ముందుగాల దాన్నే పట్టుకుంట."

విజయ తెల్లబోయింది. నల్లగొండ ట్రైనింగులో దావీదు సారు బోర్డు మీద బొమ్మలేసి చెప్పినప్పుడు, డిగ్రీలు చదివిన నలభై మందిలో ఒక్కరూ ఈ ప్రశ్న అడగలేదు. చివరికి సారే విసుక్కుని తనే అడిగి తనే చెప్పాడు.

"అన్ని తియ్యదు నాయినా. గుర్తే లేని కణాన్ని సంపే కావలోల్లు ఇంకో తీరోల్లున్నరు. వాల్ల కండ్లు గప్పటానికి కొన్ని గుర్తులను ముట్టకుంట ఉంచుతది."

లింగన్న గుడ్డను ముంత అంచుకు ఒత్తి పిండాడు. తరువాత నెమ్మదిగా అన్నాడు: "హాలియా సంతల ఓ బేరగాడు ఉండె, నీ పెండ్లికి ముందటి మాట. ఎత్కపోయిన జీవానికి జాజు కడుగుతుండె, గొల్లలందరు పెట్టే చెవి కోత మాత్రం ఉంచుతుండె. జాజు లేదు గనుక నాది గాదనుకుంటి. చెవి కోత ఉన్నది గనుక ఎవనిదో ఒకనిదని అందరు ఊకున్నరు. పదకొండు జీవాలు పోయినంక సమజైంది."

"గదే. అచ్చం గదే."

"ఆ బేరగానికి ఎవడు నేర్పిండో, దీనికి గూడ వాడే నేర్పినట్టున్నడు."

"ఇంకొకటి ఇను. ఈ కావలోల్లకు హుకుం ఇచ్చే సర్దార్లుంటరు. సీడీఫోర్ కణాలు అంటం. దొంగ ముందుగాల జొరబడేది ఆ సర్దార్ల ఇండ్లల్లనే. లోపలికి పోయినంక తలుపు గూడ పీకేస్తడు, ఇంకోడు రాకుంట. టాట్ అని ఇంకో ప్రొటీన్ ఉన్నది. అది బయటికి గూడ కారి, దొంగ జొరబడని పక్క కణాలను సైతం ఆగం జేస్తది. ఏండ్లు గడుస్తుంటే సర్దార్లు ఒక్కొక్కరే సస్తరు. ఇగ సూది ఏసిన కాడ చెయ్యిని పొంగించేది ఎవలనుకున్నవ్? ఆ సర్దార్లే. వాల్లు లేచి మందిని పిలిస్తేనే గడ్డ లేస్తది. వాని చెయ్యి పొంగనిది రోగం లేక గాదు నాయినా. పొంగించేటోల్లు లేక."

మంద మధ్య ఏదో పిల్ల అరిచింది. లింగన్న తన జాజు చేతిని చూసుకున్నాడు. అరచెయ్యంతా ఎర్రగా ఉంది. ఆ చేతి బొటనవేలితోనే కదా కొడుకు ముంజేతిని తడిమింది.

విజయ ఆగలేదు. అయిదు రోజులుగా దాచుకున్న కోపం ఇప్పుడు నోరు తెరిచింది. "రేపే కోదాడ పోత. ఆ డాక్టరు బల్ల ముంగట కూసుంట. గొర్రెలోల్లు, సదువు రానోల్లు అని ఒక సూది పొడిచి ఒక కాయితం రాసిచ్చి తోల్తడా? వాని సొంత కొడుకైతే గంతేనా? దగ్గుతోని వచ్చిన మనిషికి నెత్తురు సూడాల్నని తోచలేదా వానికి?"

"సూసిండు" అన్నాడు లింగన్న.

"ఏంది?"

"నెత్తురు సూసిండు. సూది ఏసిన పొద్దే తీసిండు."

లింగన్న పక్కనున్న గొంగడిని ఒళ్ళోకి లాక్కున్నాడు. అంచు పట్టుకుని వేళ్ళతో తడుముతూ పోయి ఒక మూల దగ్గర ఆగాడు. అక్కడ నల్ల ఉన్ని దారంతో కొత్త కుట్టు ఉంది. చెవులు కోసే చిన్న కత్తితో ఆ కుట్టు తెంపాడు. ఎనిమిది మడతల కాగితం ఒకటి బయటికి వచ్చింది. చెమటకు మెత్తబడి, గొర్రె వాసన పట్టి ఉంది.

విజయ మడతలు విప్పింది. పేరు తిరుపతి. తండ్రి పేరు లింగన్న. హెచ్.ఐ.వి. పరీక్ష ఫలితం దగ్గర పాజిటివ్ అని పెద్ద అక్షరాలతో ముద్ర. కింద తేదీ 2008 ఆగస్టు నాలుగు.

పెళ్ళి ఆగస్టు పదమూడు. పెళ్ళిపత్రికలు విజయే సూర్యాపేటలో అచ్చు వేయించి తెచ్చింది. ఆ తేదీ మరిచిపోవడానికి లేదు.

రోగి కాగితం రోగికి ఇవ్వకుండా తండ్రి చేతికిచ్చిన ఆ డాక్టరును ఏమనాలి? అది తరువాతి మాట. ఇప్పుడు విజయ కళ్ళకు కనిపిస్తున్నది డాక్టరు కాదు.

"తొమ్మిదొద్దులు" అంది ఆమె. "తొమ్మిదొద్దుల ముందు తెలుసు నీకు. తెలిసి అక్షింతలేసినవ్."

"ఒక్కటే డాక్టరు బిడ్డా, రెండు మాటలు జెప్పిండు" అన్నాడు లింగన్న. "ఒకటి కాయితంల ఉన్నది. నాకు సదువు రాదని నోటితోని గూడ జెప్పిండు. ఇంకోటి చెయ్యి మీద ఉన్నది. నేను తడిమి సూసిన. పెద్ద రోగం ఉన్నోని చెయ్యి గంత నున్నగ ఎట్లుంటదనుకున్న. కాయితం తప్పు, చెయ్యి నిజం అనుకున్న."

"కాయితం తప్పయితే పారెయ్యకపోయినవా? గొంగట్ల వెట్టి ఎందుకు కుట్టుకున్నవ్?"

లింగన్న తెగిన కుట్టును బొటనవేలితో మూశాడు.

"నమ్మలేదని అబద్ధమాడకు నాయినా. నమ్మినవ్ గనుకనే దాచినవ్. నన్ను ఒక్క మాట అడగకపోతివి. పొద్దున లేస్తే ఇదే పని చేసే బిడ్డ ఇంట్ల ఉన్నది, సూర్యాపేట ఏమన్న దేశం అవుతలనా? అడిగితే పెండ్లి ఆగుతదని అడగలే. కుడి తొంటి మీద గుర్తు తుడిచిన బేరగాన్ని ఇంకా తిడుతున్నవ్. నువ్వు చేసిందేంది మరి? గొర్రె కసాయోన్నే నమ్ముతదంటరు. ఆ పిల్ల నిన్ను గట్లనే నమ్మి మనింటికొచ్చింది."

"గంత మాట అనకు బిడ్డా."

"అంట. ఎవరో ఒకరు అనాలె గద."

అప్పుడు తుమ్మచెట్టు పక్క నుంచి గిన్నె మూత చప్పుడైంది. ఇద్దరూ తిరిగి చూశారు. సావిత్రి. దారి బత్తెం తెచ్చింది. నెత్తి మీద జొన్నరొట్టెల మూట, చేతిలో పచ్చిపులుసు గిన్నె. మూట ఇంకా దించలేదు. ఎప్పటి నుంచి నిలబడి ఉందో తెలియదు, కానీ గిన్నెలోంచి పులుసు ఒలికి ఆమె పాదం మీద ఎండిపోయింది.

మేళ్ళచెరువు పిల్ల, ఇరవై ఏళ్ళది. ఇంట్లో గట్టిగా మాట్లాడింది ఎవరూ వినలేదు. ఇప్పుడు కూడా గట్టిగా మాట్లాడలేదు. గిన్నె, మూట గట్టు మీద పెట్టి, మామ వైపు చూడకుండా ఆడబిడ్డ దగ్గరకు వచ్చింది.

"ఆ డబ్బల ఆయనకు మందులున్నయా వదినె?"

"ఉన్నయి."

"ఎన్ని మింగాలె?"

"ఇయ్యాల ఏడు. టీబీకి ఇవి. హెచ్.ఐ.వి.కి మందులు వేరే ఉన్నయి, నల్లగొండల ఇస్తరు. అవి గూడ మొదలువెడ్తే సర్దార్లు మల్ల లేస్తరు. మనిషి బతుకుతడు."

సావిత్రి డబ్బా తీసుకుంది. అట్ట మీద మొగుడి పేరు కూడబలుక్కుని చదివింది. మడికి అడ్డంగా నడిచి తిరుపతి దగ్గరికి వెళ్ళింది. ఆమె నడక చూడగానే వాడికి అర్థమైంది, చేతిలో కర్ర జారవిడిచాడు. ఏదో చెప్పబోయాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది. ఏడు గోలీలు వాడి అరచేతిలో పోసి, వాడి నడుముకున్న నీళ్ళ సీసా తీసి మూత విప్పి ఇచ్చింది. వాడు ఒక్కొక్కటే మింగుతుంటే, ఏడూ గొంతు దిగే దాకా కదలకుండా చూసింది. వాడు ఏడుస్తున్నాడు. ఆమె ఏడవడం లేదు.

విజయ గుండె మీద నుంచి ఒక బరువు దిగింది. మంద కదిలినా తిరుపతి కదలడు, అది ఖాయమైంది. తిరిగి వస్తున్న సావిత్రి ముఖం చూశాక మాత్రం తన వంతు కూడా ఉందని తెలిసింది.

"నీకెప్పుడు తెలిసింది వదినె?"

"అయిదొద్దులైంది."

"మామకు నాలుగు నెలలు. నీకు అయిదొద్దులు." సావిత్రి తల ఊపింది. "ఒక్కింట్ల మనుషులు గద. లెక్కల జర తేడా."

రూలు అని విజయ చెప్పబోయింది. ఆ రూలును పట్టుకుని ఈ పిల్ల కళ్ళలోకి చూడడం తన వల్ల కాదని ఊరుకుంది. "తప్పే సావిత్రీ" అంది. "నీకు ఉండకపోవచ్చు. ఉన్నా కడుపులున్న బిడ్డకు అంటకుంట ఆపేటందుకు మందున్నది. ఎంత జల్ది తెలుస్తే అంత మంచిది."

లింగన్న లేచి నిలబడ్డాడు. జాజు చేతులు రెండూ ముందుకు చాపి, కోడలి దగ్గరికి రావాలా వద్దా తెలియక అక్కడే ఆగాడు. "బిడ్డా సావిత్రీ..." అన్నాడు.

సావిత్రి ఆయన వైపు తిరగలేదు. చీర కొంగు నడుముకు చెక్కుకుంది. ఎడమ చేతి గాజులను మోచేతి పైకి తోసి, నున్నటి ముంజేతిని విజయ ముందు చాపింది.

"పొంగుతదా పొంగదా అన్న లెక్క నాకొద్దు వదినె. పేటకు పోదాం పా, నెత్తురు తియ్యి" అంది. "సీస మీద పేరు రాస్తరు గద. నా పేరు రాయకు. మీ నాయిన పేరు రాయి."